కామిక్ పేజీని కదిలించడం: ఆరు ప్యానెళ్లు, 318 ఫ్రేములు

కామిక్ పుస్తకంలో కాలం చదివేవాళ్ల చేతిలో ఉంటుంది. నచ్చిన ప్యానెల్ (ఒక బొమ్మ ఉన్న గడి) దగ్గర పది సెకన్లు ఆగుతారు, తక్కినవి చూపుతోనే దాటేస్తారు. అదే పేజీని యానిమేషన్‌గా మార్చేటప్పుడు ఆ కాలాన్ని కొలిచి పంచాల్సింది మీరు. సూపర్ హీరో యానిమేషన్ మొదలుపెట్టి మధ్యలో వదిలేసేవాళ్లలో ఎక్కువమంది బొమ్మలతో మొదలుపెడతారు. మొదట చేతికి రావాల్సింది స్టాప్‌వాచ్.

ముందు పేజీ కావాలి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత కామిక్స్ దొరుకుతాయి, సాధనకు అవి బంగారం. ఒక పోరాటం, ఒక మాట, ఐదారు ప్యానెళ్లు ఉన్న పేజీ ఎంచుకోండి. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయండి. పాత న్యూస్‌ప్రింట్ పల్చగా ఉంటుంది కాబట్టి వెనకపేజీ బొమ్మ తొంగిచూస్తుంది. స్కానర్ మూత వేసే ముందు పేజీ వెనక నల్లకాగితం పెడితే ఆ బెడద తగ్గుతుంది. అచ్చు చుక్కలూ స్కానర్ గీతలూ కలిసి అలల్లాంటి మచ్చలు వస్తే స్కానర్ సెట్టింగుల్లో డీస్క్రీన్ ఆన్ చేయండి.

ఒక హెచ్చరిక. అచ్చయిన కామిక్‌ను ఇంట్లో సాధనకు వాడుకోవడం వేరు, యూట్యూబ్‌లో పెట్టడం వేరు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మల కథను సినిమాగా తీసే హక్కు దాని హక్కుదారుదే. రచయిత పోయాక కూడా 60 ఏళ్లపాటు అది ఉంటుంది. బయట చూపించాలంటే పేజీ మీరే గీయండి, లేదా గీసిన స్నేహితుడి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

ఈ వ్యాసానికి ఒక పేజీ అనుకుందాం. రాత్రివేళ బేగంపేట ఫ్లైఓవర్ దిగుతున్న ఆర్టీసీ బస్సుకు బ్రేకులు పడవు. మన హీరో ఒక అమ్మాయి. ఎగిరొచ్చి బస్సు ముందు నిలబడి రెండు చేతులతో ఆపుతుంది. చివరి ప్యానెల్‌లో, బస్సులోని పెద్దావిడతో "అమ్మా, నెమ్మదిగా దిగండి" అంటుంది.

కాలం పంచడం

పేజీ ముందు పెట్టుకుని, కళ్లతో కాకుండా నోటితో చదవండి. బస్సు హోరు, బ్రేకు చప్పుడు, డైలాగు అన్నీ నోటితోనే పలుకుతూ ప్రతి ప్యానెల్‌కూ ఎంతసేపు పట్టిందో రాసుకోండి. మూడుసార్లు చదివి మధ్యస్థంగా వచ్చింది తీసుకోండి. సెకనుకు 24 ఫ్రేముల (తెరమీద వరసగా వచ్చే నిశ్చల చిత్రాల) లెక్కన మన పేజీ ఇలా వచ్చింది:

1. దూరం నుంచి ఫ్లైఓవర్, బస్సు: 72 ఫ్రేములు
2. బ్రేకు మీద డ్రైవర్ కాలు: 30
3. అమ్మాయి దూకడం: 36
4. చేతులు బస్సుకు ఆనడం, వెనక్కి జారడం: 60
5. పగిలిన తారు: 24
6. ముఖం, డైలాగు: 96

మొత్తం 318, అంటే పదమూడుంబావు సెకన్లు. స్కాన్ చేసిన ప్యానెళ్లను విడివిడిగా కత్తిరించి, డావిన్సీ రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ లెక్క ప్రకారం వరసగా పేర్చి, మీరు నోటితో చదివింది రికార్డు చేసి కింద ఆడియోగా పెట్టండి. అదే యానిమాటిక్. రిజాల్వ్‌లో ఫైళ్లు తెచ్చుకోకముందే ప్రాజెక్టు ఫ్రేమ్ రేటు 24 అని పెట్టాలి. పని మొదలయ్యాక ఆ సెట్టింగు తాళం పడిపోతుంది, మళ్లీ మొదటికొస్తారు. యానిమాటిక్‌ను ఇంట్లో కామిక్స్ చదవనివాళ్లకు చూపించండి. "ఇప్పుడేమైంది?" అని వాళ్లు అడిగిన చోట రెండు ప్యానెళ్ల మధ్య ఒక షాట్ తక్కువైందని అర్థం. పుస్తకంలో ఆ ఖాళీని చదివేవాళ్లు ఊహతో నింపుకుంటారు. తెరమీద అది నింపడమే అనుసరణలో అసలు పని.

నిలువు ప్యానెల్ ఇంకో చిక్కు. తెర అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లు. మూడో ప్యానెల్ నిలువుగా ఉంటే పక్కల నల్లపట్టీలు వదిలేయకండి. 1920 వెడల్పు, 2700 ఎత్తున మళ్లీ గీసి, కెమెరాను పైనుంచి కిందికి దించండి. 36 ఫ్రేముల్లో అంత దూరం దిగితే బ్యాక్‌గ్రౌండ్ గీతలు తెగినట్టు అదురుతాయి. కాబట్టి ఆ షాట్‌లో బ్యాక్‌గ్రౌండ్‌ను పల్చటి నిలువు గీతలుగా సాగదీసి గీయండి.

ఎన్ని బొమ్మలు కావాలి

ప్రతి ఫ్రేముకూ కొత్త బొమ్మ గీస్తే ఆన్ వన్స్, ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు ఉంచితే ఆన్ టూస్. కామిక్ తెగువ టూస్‌లోనే బాగా పలుకుతుంది. 2018లో వచ్చిన 'స్పైడర్‌మ్యాన్: ఇన్‌టు ది స్పైడర్‌వర్స్'లో అడవి సన్నివేశం చూడండి. దారం పట్టుకుని ఊగడం ఇంకా రాని కుర్రాడు మైల్స్ టూస్‌లో, చేయి తిరిగిన పీటర్ వన్స్‌లో కదులుతారు. ఫ్రేముల లెక్కతోనే అక్కడ పాత్ర స్వభావం చెప్పారు.

మన పేజీకి ప్యానెళ్ల వరసలో 5, 6, 18, 20, 8, 11 బొమ్మలు, మొత్తం 68 చాలు. మొదటి ప్యానెల్‌లో బస్సు ఒకటే బొమ్మ, దాన్ని జరిపితే సరిపోతుంది. శ్రమంతా నాలుగో ప్యానెల్‌కు దాచుకోండి.

దాని 60 ఫ్రేములు ఇలా విడదీయాలి. చేతులు చాచడం 8 ఫ్రేములు. తాకిన క్షణం 2 ఫ్రేములు: మొదటిది ఒకే చదును రంగు మీద నల్లటి ఆకారం, రెండోదాంట్లో ఆ రంగులు తారుమారు. ఇలాంటి మెరుపులు సెకనులో మూడుకు మించితే మూర్ఛవ్యాధి ఉన్నవాళ్లకు ప్రమాదం, దీన్ని మాత్రం మరవొద్దు. తర్వాత 4 ఫ్రేములు ఏమీ కదలకూడదు. దెబ్బ బరువు తెలిసేది ఆ నిశ్చలంలోనే. చాలామంది దీన్నే వదిలేసి, దెబ్బ తగల్లేదేమో అనిపించే షాట్ తీస్తారు. తర్వాత 30 ఫ్రేములు అమ్మాయి వెనక్కి జారుతుంది. మొదటి రెండు బొమ్మల మధ్య 40 పిక్సెళ్లు జరిగితే, చివరి రెండిటి మధ్య 2 పిక్సెళ్లే జరగాలి. దూరాలు సమానంగా ఉంటే బస్సు అట్టపెట్టెలా కనిపిస్తుంది. చివరి 16 ఫ్రేములు రెండే బొమ్మలు మార్చి మార్చి పెడితే చేతులు వణుకుతున్నట్టుంటుంది.

ఇక్కడే అందరికీ ఎదురయ్యే తప్పు ఒకటుంది. కెమెరా ప్రతి ఫ్రేముకూ జరుగుతూ, మనిషి మాత్రం టూస్‌లో జరిగితే, ఆమె నేలమీద ముందుకూ వెనక్కూ అదురుతున్నట్టు కనిపిస్తుంది. ఆమె స్థానాన్ని వన్స్‌లో జరపండి, బొమ్మను మాత్రం టూస్‌లో మార్చండి. అదురు పోతుంది, కామిక్ తెగువ మిగులుతుంది.

గీయడానికి క్రిటా, ఓపెన్‌టూంజ్, బ్లెండర్ సాఫ్ట్‌వేర్లు ఉచితం. పెన్ టాబ్లెట్ సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో చేత్తో పట్టి చూసి కొనుక్కోవచ్చు. గీత మందం 1080 తెరమీద 4 నుంచి 6 పిక్సెళ్లు ఉంచండి. రాత్రి దృశ్యానికి తెల్ల కాన్వాస్ కన్నా నల్ల కాన్వాస్ మీద మొదలుపెట్టడం మేలు. 1992 నాటి బ్యాట్‌మ్యాన్ టీవీ సిరీస్ బ్యాక్‌గ్రౌండ్లు నల్లకాగితం మీదే వేశారు. వీధిదీపం కింద వెలుగు, బస్సు హెడ్‌లైట్లు, తడిరోడ్డు మెరుపు వేస్తే చాలు, తక్కినది చీకటే చూసుకుంటుంది.

అచ్చు చుక్కలు కావాలంటే ఒక్కోటి 6 నుంచి 8 పిక్సెళ్లు ఉండాలి. అంతకన్నా సన్నగా ఉంటే వీడియో కుదింపులో బురదవుతాయి. చుక్కల పొరను తెరకు అతికిస్తే పాత్ర ముందు కిటికీ జాలీలా నిలిచిపోతుంది. పాత్రకే అతికించండి.

తెలుగు నోరు

ఇంటర్నెట్‌లో దొరికే పెదవుల పట్టీలు (ఏ శబ్దానికి నోరు ఎలా ఉండాలో చూపే బొమ్మలు) ఇంగ్లీషుకు చేసినవి, యథాతథంగా తెలుగుకు పనికిరావు. మనకు ఎనిమిది ఆకారాలు చాలు: అ-ఆ, ఇ-ఎ, ఉ-ఒ, మూసిన పెదవులు (ప, బ, మ), పంటికి పెదవి తగిలే వ, నాలుక కొస కనిపించే త-ద-న-ల, పెదవులు పెద్దగా కదలని ట-డ-ణ-ళ, విశ్రాంతి. రెప్పలకు మూడు బొమ్మలు కలిపితే ఆరో ప్యానెల్ పదకొండూ అయిపోతాయి.

"అమ్మా, నెమ్మదిగా దిగండి" అని అద్దంలో చూస్తూ పలకండి. 'మ్మ' దగ్గర పెదవులు మామూలు 'మ' కన్నా ఎక్కువసేపు మూసుకుంటాయి. ఒంటి 'మ'కు 2 ఫ్రేములైతే 'మ్మ'కు 4 ఇవ్వండి. 2 ఇస్తే "అమా" అన్నట్టు కనిపిస్తుంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి 'డి' దగ్గర నోరు వెంటనే మూయొద్దు. ఇ ఆకారాన్ని మరో 3 ఫ్రేములు ఉంచి, ఆ తర్వాతే విశ్రాంతికి తేవాలి. ఈ షాట్ 96 ఫ్రేముల్లో మొదటి 24 రొప్పు, 48 డైలాగు, చివరి 24 మౌనం.

గొంతు రికార్డు చేయడానికి రాత్రి పదకొండు దాటాక కూర్చోండి. ఫ్యాన్, ఫ్రిజ్ ఆపి, బట్టలు నిండుగా ఉన్న బీరువా తలుపు తెరిచి, దానికి ఎదురుగా నిలబడితే గది మోత తగ్గుతుంది. 48 కిలోహెర్ట్జ్‌లో, శబ్దం ఎక్కడా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. మైకు కోఠి గుజరాతీ గల్లీలో వెతకొచ్చు, కొనే ముందు హెడ్‌ఫోన్ పెట్టి వినండి.

చప్పుళ్ల అక్షరాలు తెలుగులోనే ఉండనివ్వండి. బస్సు తాకినప్పుడు "ధడేల్", టైర్లకు "కిర్ర్ర్". చేత్తో గీస్తే అందం. ఫాంటే కావాలంటే రామభద్ర లాంటి బరువైనది ఉచితంగా దొరుకుతుంది. కొన్ని యానిమేషన్ సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు విడిపోయి పక్కకు జారతాయి. ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసి, పారదర్శక పీఎన్‌జీగా దాచుకుని, బొమ్మలా తెచ్చుకోండి. ఏ అక్షరమైనా చదవడానికి కనీసం 12 ఫ్రేములు తెరమీద ఉండాలి.

చివరగా సెకనుకు 24 ఫ్రేములు, 1080, హెచ్.264 కుదింపు, 15 ఎంబీపీఎస్‌లో (సెకనుకు 15 మెగాబిట్లు) ఎగుమతి చేయండి. ఫైలును ఫోన్‌కు పంపి, మోత ఉన్న చోట, మెట్రోలోనైనా సరే, శబ్దం లేకుండా ఒకసారి, ఇయర్‌ఫోన్ పెట్టి ఒకసారి చూడండి. శబ్దం లేకుండా చూసినప్పుడు నాలుగో ప్యానెల్ దగ్గర బస్సు బరువు తెలియకపోతే, ఆ 4 నిశ్చల ఫ్రేములను 6 చేసి, చివరి వణుకులో 2 తగ్గించి మళ్లీ ఎగుమతి చేయండి.