తక్కువ ధర ట్రైపాడ్ కొనే ముందు

పండగ ఆఫర్లు మొదలయ్యేలోపు ఇవి చూసుకోండి.

బరువు: కెమెరా, మీ దగ్గరున్న పెద్ద లెన్స్ కలిపి తూచండి. ట్రైపాడ్ మోయగలిగేది దానికి కనీసం రెట్టింపు ఉండాలి. డబ్బా మీది అంకె కాస్త ఉదారంగానే ఉంటుంది మరి. చాలకపోతే బిగించాక కూడా హెడ్ (కెమెరా కూర్చునే పైభాగం) మెల్లగా వాలుతుంది, ఒక్కోసారి కెమెరాతో సహా బోర్లా పడుతుంది.

ఎత్తు: మధ్య కడ్డీ లేపకుండా కొలవండి. లేపితే గాలికి ఊగుతుంది.

కాళ్లు: ఐదు మడతలవి సంచిలో ఇముడుతాయి, కానీ చివరి గొట్టం పెన్సిలంత సన్నగా ఉంటే షట్టర్ నొక్కగానే వణుకుతుంది.

ప్లేట్ (కెమెరా అడుగున బిగించే పలక): ఆర్కా స్విస్ రకం, అంటే చాలా కంపెనీలు వాడే కొలతది, తీసుకోండి. కంపెనీ సొంత కొలతది పోతే మళ్లీ దొరకడం కష్టం.

కొక్కెం: మధ్య కడ్డీ కింద ఉంటే మంచిది, ట్రైపాడ్ కదలకుండా బరువుకు సంచి తగిలించొచ్చు. సంచి వేలాడదీసేటప్పుడు నేలకు ఆనీ ఆననట్టు ఉంచండి, లేదంటే అదే ఊపుతుంది.