విన్నిపెగ్ వెళ్తున్న మన జిల్లాల పిల్లలకు, ముఖ్యంగా పాదాల గురించి

కెనడాలోని విన్నిపెగ్ నుంచి డిసెంబరు సెలవులకు నేను బరంపురం వచ్చి పది రోజులయింది. ఈ పది రోజుల్లోనే, జనవరిలో విన్నిపెగ్ చేరవలసిన ముగ్గురు పిల్లలు తల్లిదండ్రులతో సహా మా వసారాలో కూర్చుని వెళ్ళారు. ఒకరిది ఛత్రపురం, ఒకరిది పర్లాకిమిడి, ఇంకొక అమ్మాయిది మా వీధే. కందిపప్పు ఎన్ని కిలోలు పట్టుకెళ్ళాలి, కుక్కరు అక్కడ దొరుకుతుందా, ఆవకాయ సీసా పెట్టెలో కారితే ఏం చెయ్యాలి అని ముగ్గురూ అడిగారు. కాళ్ళకు ఏం తొడుక్కోవాలని మాత్రం ఒక్కరూ అడగలేదు. కిందటి జనవరిలో వచ్చిన కుర్రవాడు కూడా అడగలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

సిన్ నంబరు (అక్కడ ఉద్యోగానికీ పన్నులకూ కావలసిన ప్రభుత్వ సంఖ్య), బ్యాంకు ఖాతా, ఫోను సిమ్ము, బస్సు పాసు వంటివి మీ కళాశాలవారే మొదటి వారంలో దగ్గరుండి చెబుతారు కనుక వాటి జోలికి నేను పోవడం లేదు. పప్పులన్నీ అక్కడ దొరుకుతాయి. పెట్టెలో ఉన్న పప్పులో సగం ఇప్పుడే తీసేయండి.

కిందటి జనవరిలో వచ్చిన ఆ కుర్రవాడిది కూడా పర్లాకిమిడే. బూట్లు మంచివే కొన్నాడు, దుకాణానికి నేనే తీసుకువెళ్ళాను. అయితే మరునాడు ఉదయం వాళ్ళమ్మగారు సర్ది పంపిన నూలు మేజోళ్ళు మూడు జతలు ఒకదానిపై ఒకటి తొడుక్కుని, పాదం లోపలికి దూరకపోతే బలవంతంగా దూర్చి, తాళ్ళు బిగించి కట్టుకుని, ఇరవై నిమిషాలు బస్టాపులో నిలబడ్డాడు. సాయంత్రం మా ఇంటికి వచ్చి మేజోళ్ళు విప్పితే కుడికాలి బొటనవేలు, దాని పక్క వేలు కొవ్వొత్తి మైనంలా తెల్లగా ఉన్నాయి. "ఏమీ నొప్పి లేదన్నయ్యా" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. నొప్పి తెలియడం లేదంటే అక్కడికి రక్తం సరిగా అందడం లేదనీ, నాడులు మొద్దుబారాయనీ అర్థం. మేజోళ్ళు ఎన్ని ఎక్కువైతే అంత వెచ్చదనమని అతను అనుకున్నాడు. బూటులో పాదం చుట్టూ కాస్త గాలి నిలవాలి, వేళ్ళు ఆడాలి. బిగుసుకుపోతే రక్తప్రసారం తగ్గి, ఎంత ఖరీదైన బూటయినా ఐసు డబ్బాతో సమానమవుతుంది.

అతనిమీద కోప్పడే అర్హత నాకు ఏ మాత్రమూ లేదని కూడా చెప్పాలి. నేను విన్నిపెగ్‌లో దిగింది 2014 జనవరి మొదటి వారంలో. అంతకు కొద్ది రోజుల ముందు, 2013 డిసెంబరు 31న, అంగారక గ్రహం మీద నాసావారి క్యూరియాసిటీ రోవరు నమోదు చేసిన ఉష్ణోగ్రతకన్నా తమ ఊరే చల్లగా ఉందని విన్నిపెగ్‌లోని మానిటోబా మ్యూజియంవారు ప్రకటించారు. ఆ శీతకాలంలో చలి నేలలోకి ఎంత లోతుగా దిగిందంటే భూమిలోని నీటి గొట్టాలు గడ్డకట్టి వేలాది ఇళ్ళకు నీటి ఇబ్బంది వచ్చింది. కొళాయి సన్నగా పారుతూ ఉండనివ్వమని నగరపాలకులు చాలా ఇళ్ళకు కబురు పంపారు. నేను అద్దెకు దిగిన ఇంట్లోనూ అలాగే వదిలేశారు. నీటి బిందెల వరస చూసి పెరిగిన నేను, పారే కొళాయిని చూసి సహించలేక, రాత్రి లేచి కట్టేశాను. తెల్లవారేసరికి ఇంట్లో నీళ్ళు లేవు. ఇంటాయన నన్నేమీ అనలేదు గాని, ఆ మౌనం నాకు ఈనాటికీ గుర్తుంది.

నా పాదాల కథ ఆ తరువాతి నెలలో జరిగింది. బూట్లున్నాయి, ఉన్ని మేజోళ్ళున్నాయి, కొలతలు కూడా సరిగ్గా ఉన్నాయి. కెనడాలో ఎవరి ఇంటికి వెళ్ళినా మన ఇళ్ళలో లాగే చెప్పులూ బూట్లూ గుమ్మం దగ్గరే విప్పాలి. విప్పిన బూట్లకు అంటుకున్న మంచు కరిగి గుమ్మం దగ్గర చిన్న మడుగు కడుతుంది. ఆ రోజు బయలుదేరే తొందరలో మేజోటి కాలితో ఆ మడుగులో అడుగు వేశాను. మన ఊళ్ళో శ్రావణమాసమంతా తడి కాళ్ళతో తిరిగినవాళ్ళం, ఈపాటి తడి ఏం చేస్తుందిలే అనుకుని అలాగే బూటు తొడిగి పదిహేను నిమిషాలు నడిచాను. చేరేసరికి ఎడమ పాదం నాది కానట్టుంది. అంతటితో ఆగినా బాగుండేది. గదిలోకి వెళ్ళి ఆ మొద్దుబారిన పాదాన్ని హీటరుకు ఆనించి కూర్చున్నాను. స్పర్శ లేని చర్మానికి వేడి తెలియదు కనుక కాలిన సంగతి బొబ్బ లేచేదాకా నాకు తెలియలేదు. తప్తపాణి వేడినీటి గుండంలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న సుఖాన్ని తలుచుకుంటూ చేసిన పని అది.

కనుక పాదాల విషయంలో నేను చెప్పేది ఒక్కటే: చలికి భయపడండి, కాని తడికి అంతకన్నా ఎక్కువ భయపడండి. నీరు గాలికన్నా సుమారు ఇరవై అయిదు రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. ఆ తడి మంచులో నుంచే వస్తుందనుకోకండి. మన చెమటే చాలా వరకు కారణం. బస్సులోనూ తరగతిలోనూ వేడి బాగా పెట్టి ఉంచుతారు, మందపాటి బూట్లలో అక్కడ గంటసేపు కూర్చుంటే అరికాళ్ళు చెమర్చి మేజోళ్ళు చల్లగా, జిగటగా అవుతాయి. ఆ తరువాత బయట మైనస్ ఇరవై అయిదులో నిలబడతారు. నూలు ఆ చెమటను పీల్చి వదలదు. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. అందుకని ఉన్నివి, వీలయితే మెరీనో గొర్రెల మెత్తని ఉన్నివి, ఒక జతే తొడుక్కోండి. కళాశాలకు చేరగానే బూట్లు విప్పి మామూలు బూట్లు వేసుకోండి, సంచిలో పొడి మేజోళ్ళు ఒక జత ఎప్పుడూ ఉంచుకోండి. రాత్రి ఇంటికి వచ్చాక బూటు లోపలి లైనరును, అంటే ఊడదీయగల లోపలి పొరను, తప్పక బయటకు తీసి ఆరబెట్టండి. హీటరు మీద పెట్టవద్దు, దానికి కాస్త దూరంగా నిలబెట్టండి. ఈ ఒక్క పనికి బద్ధకించినవాళ్ళను నేను చాలామందిని చూశాను. పొద్దున్నే తడి లైనరులో కాలు పెట్టి, మూడో రోజున బూట్లు మంచివి కావంటారు. బూటు మీద మైనస్ ముప్పై రెండనో, మైనస్ నలభై అనో రాసి ఉంటుంది, దాన్ని అంతగా నమ్మవద్దు. అందరికీ ఒకే కొలమానం లేదు, ఒక్కొక్క తయారీదారు తన లెక్క ప్రకారం రాస్తాడు.

వేలు తెల్లబడితే రుద్దకండి. మంచుతో రుద్దమని ఎవరయినా చెబితే వినకండి, అది పాత మూఢనమ్మకం. లోపలికి వచ్చి, బిగుతుగా ఉన్నవన్నీ విప్పి, చేతికి గోరువెచ్చగా తగిలే నీళ్ళలో, అంటే ముప్పై ఏడు నుంచి ముప్పై తొమ్మిది డిగ్రీల మధ్య, పాదాన్ని ఉంచండి. నీళ్ళ వేడిని మరొకరి చేత చూపించుకోండి, మీ మొద్దుబారిన కాలు చెప్పలేదు. రంగు తిరిగి రాకపోయినా, బొబ్బలు లేచినా వైద్యుల దగ్గరికి వెళ్ళాలి. ఆ పర్లాకిమిడి కుర్రవాడి వేళ్ళకు రంగు వచ్చేసరికి అరగంట పట్టింది. ఆ అరగంటలో నొప్పి కూడా వచ్చింది, అప్పుడు అతని నవ్వు ఆగింది.

గాలి సంగతి కూడా తెలుసుకోవాలి. వాతావరణ వార్తల్లో ఉష్ణోగ్రతతో పాటు విండ్‌చిల్ అని మరొక అంకె చెబుతారు. మైనస్ ఇరవై అయిదు ఉన్నప్పుడు గంటకు ముప్పై కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ ముప్పై తొమ్మిదిలా తగులుతుంది. విండ్‌చిల్ మైనస్ ఇరవై ఎనిమిది దాటితే, కప్పుకోని చర్మం పది నుంచి ముప్పై నిమిషాల్లో గడ్డకట్టే ప్రమాదం ఉంది. మైనస్ నలభై దాటితే అయిదు నుంచి పది నిమిషాలు చాలు. కనుక ముందే వెళ్ళి బస్టాపులో నిలబడకండి. ప్రతి స్టాపుకూ అయిదంకెల సంఖ్య ఉంటుంది, దాని సాయంతో బస్సు ఎప్పుడు వస్తుందో చూసుకుని ఇంట్లోంచి బయలుదేరండి. పోర్టేజ్, మెయిన్ వీధుల కూడలి గాలికి పేరుపడినది, అక్కడ ఫోటోల కోసం ఆగవద్దు. వేళ్ళు విడివిడిగా ఉండే చేతి తొడుగులకన్నా, నాలుగు వేళ్ళూ కలిసి ఉండే మిట్టెన్లు వెచ్చగా ఉంటాయి.

మన గజపతి జిల్లా చంద్రగిరిలో స్థిరపడిన టిబెటన్లు చలికాలంలో మన ఊళ్ళలో అమ్మే స్వెట్టరు ఒకటి తెచ్చుకోండి, కోటు లోపల వేసుకోవడానికి చక్కగా పనికి వస్తుంది. అదొక్కటే చాలనుకుంటే మాత్రం మోసపోతారు, పైన గాలిని ఆపే కోటు ఉండాలి. మన దగ్గర ఉష్ణోగ్రత పదిహేనుకు దిగితే మంకీ క్యాపు తీస్తాం. అక్కడ జనవరిలో రాత్రి సగటే మైనస్ ఇరవై ఒకటి దాకా ఉంటుంది. మంకీ క్యాపు కూడా తెచ్చుకోండి, సిగ్గుపడకండి, అక్కడ అందరూ అలాంటిదే వేరే పేరుతో పెట్టుకుంటారు. ఇంట్లో గాలి పొడిగా ఉండి పెదవులు, మడమలు పగులుతాయి. కొబ్బరినూనె సీసా చలికాలమంతా దాదాపు గడ్డకట్టే ఉంటుంది, కలవరపడవద్దు. కార్ల ముందు నుంచి ప్లగ్గు తీగలు వేలాడుతూ కనిపిస్తాయి. అవి విద్యుత్తు కార్లు అనుకుని మొదటి వారం నేను మా నాన్నగారికి ఫోనులో గొప్పగా చెప్పాను. ఇంజను గడ్డకట్టకుండా రాత్రి వెచ్చచేసే హీటరు తీగలట అవి.

డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు. ఉదయం ఎనిమిది గంటలకు మీరు చీకట్లో లేచేసరికి బరంపురంలో రాత్రి ఏడున్నర అవుతుంది, అమ్మకు ఫోను చెయ్యడానికి అదే మంచి వేళ. కాళ్ళు ఎలా ఉన్నాయని ఆమె అడగరు, తిన్నావా అని అడుగుతారు. మీరే చూసుకోవాలి.

ఇంత చెప్పి భయపెట్టానని మా వీధి అమ్మాయి తల్లిగారు నొచ్చుకున్నారు. నిజమే, ఒక మాట మిగిలింది. బాగా చలిగా ఉన్న రోజులే తరచూ ఎండతో, మబ్బు లేని నీలాకాశంతో మెరుస్తూ ఉంటాయి. మార్చిలో మైనస్ అయిదు వస్తే మీరూ కోటు బొత్తాలు విప్పుకుని నడుస్తారు. పాదాలు పొడిగా ఉంటే మైనస్ ముప్పైలోనూ గంటసేపు నడవవచ్చు, విన్నిపెగ్ గుండా పారే ఎర్రనది (రెడ్ రివర్) గడ్డకట్టినప్పుడు దాని మీద నేనే నడిచాను, పడ్డాను, లేచాను. నేను ఉండగలిగినప్పుడు మీరూ ఉండగలరు.

బూట్లు ఇక్కడ కొనకండి, అక్కడ దిగిన మరునాడు కొనుక్కోండి. రోజంతా నడిచాక పాదాలు కాస్త ఉబ్బుతాయి కనుక సాయంత్రం పూట, ఉన్ని మేజోళ్ళు తొడుక్కుని దుకాణానికి వెళ్ళండి. జనవరి రెండో వారానికి నేను తిరిగి వచ్చేస్తాను, నాకు చెబితే తోడు వస్తాను. మడమ వెనక చిటికెన వేలు దూరాలి, ముందు వేళ్ళు ఆడాలి. ఆడకపోతే దుకాణంలోనే విప్పేసి ఒక సంఖ్య పెద్దది అడగండి.