కార్వాన్ కుక్క కుంటు మానకపోతే ఏం చేయాలి?

నాందేడ్ జిల్లాలోని దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ తాలూకాల్లో కార్వాన్ అనే సన్నని వేట జాతి కుక్కను పెంచే తెలుగు రైతుల ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నేరమైంది కనుక, ఈ కుక్కలకు నేడు మిగిలినవి చేను కాపలా, గట్ల వెంట పరుగు, ఏటా లోహా తాలూకా మాళేగావ్‌లో ఖండోబా యాత్రకు జరిగే ప్రదర్శన. అక్టోబరులో సోయా కోశాక చేలో నిలిచిన కొయ్యకాళ్ల మధ్య, ఎండాకాలంలో నల్లరేగడి బీటల మీద వేగంగా పరుగెత్తుతూ ఒక్కసారి మలుపు తిరిగినప్పుడు కాలు ఇరుక్కుని కీలు మెలిపడుతుంది. చిన్న బెణుకు వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. నేను రాస్తున్నది అలా తగ్గకుండా, రెండు రోజులు బాగుండి మూడో రోజు మళ్లీ కుంటే కుక్కల గురించి, ముఖ్యంగా రెండేళ్ల లోపు వయస్సు వాటి గురించి.

మా ఇంట భైరి అనే ఆడకుక్క ఉండేది. పద్నాలుగో నెలలో దానికి వెనుక మోకాలు బెణికితే సూది వేయించాము. మర్నాటికి కుంటు పోయింది, మేము మానిందనుకున్నాము. యాత్ర దగ్గర పడుతోందని మూడో వారంలోనే పరుగుకు వదిలాము. సగం తెగి ఉన్న లిగమెంట్ (కీలు దగ్గర ఎముకలను కలిపి ఉంచే పట్టీ) ఆ రోజు పూర్తిగా తెగిపోయింది. నొప్పి పోవడం వేరు, గాయం మానడం వేరు అన్న సంగతి ఆ నాడు మాకు తెలియదు. కండరం కొన్ని వారాల్లో అతుక్కుంటుంది. రక్తప్రసారం తక్కువగా ఉండే లిగమెంట్‌కు నెలలు పడుతుంది. కింద చెప్పే ప్రతి పనీ ఈ తేడా మీదే ఆధారపడి ఉంది.

మొదటి పని: ఏ కాలో, ఏ కీలో తేల్చుకోవడం

కుక్కను చదునైన నేల మీద తాడుతో మెల్లగా నడిపించి, ముందు నుంచి, వెనుక నుంచి, పక్క నుంచి మొబైల్‌లో వీడియో తీయండి. వేగం తగ్గించి చూస్తే కంటికి అందనివి కనబడతాయి. ముందు కాలిలో నొప్పి ఉంటే ఆ కాలు నేలను తాకినప్పుడు తల పైకి లేస్తుంది, బాగున్న కాలు మోపినప్పుడు కిందికి వంగుతుంది. వెనుక కాలి నొప్పి అయితే ఆ వైపు తుంటి రెండో దానికంటే ఎక్కువగా పైకీ కిందికీ ఊగుతుంది. ఈ వీడియోను దాచుకోండి. దవాఖానలో భయానికి చాలా కుక్కలు కుంటడం మానేస్తాయి కనుక డాక్టరుకు ఇదే సాక్ష్యం.

తరువాత పాదం చూడండి. తుమ్మ ముల్లు విరిగి మెత్తలో ఉండిపోయినా, గోరు చీలినా అచ్చం కీలు నొప్పిలాగే కుంటుతుంది. నెల రోజులు కీలు మందులు వాడాక ముల్లు బయటపడిన కుక్కలను చూశాను. పాదంలో ఏమీ లేకపోతే వేళ్ల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క కీలునూ మెల్లగా ముడిచి, చాచి, అదే పనిని బాగున్న కాలికీ చేసి పోల్చండి. వేడి, వాపు, చటుక్కున తల తిప్పి చూడడం, మూతి నాక్కోవడం నొప్పికి గుర్తులు. ఎంత మచ్చికైన కుక్క అయినా నొప్పికి కరుస్తుంది. మూతికి మెత్తని గుడ్డ కట్టాకే చేయి వేయండి.

కూర్చునే తీరు కూడా చాలా చెబుతుంది. మోకాలు దెబ్బతిన్న కుక్క రెండు కాళ్లూ సమంగా మడిచి కూర్చోలేక ఒక కాలిని పక్కకు చాపుతుంది. దర్జీ టేపుతో రెండు తొడల చుట్టుకొలతనూ ఒకే ఎత్తున కొలవండి. కుంటే కాలి తొడ సన్నబడి ఉంటే, ఆ కాలిని కుక్క చాలా రోజులుగా తప్పించుకుంటోందని అర్థం. నిలుచున్నప్పుడు ముందు కాలి మణికట్టు నేల వైపు కుంగి కనబడితే, ఎత్తు మీద నుంచి దూకడం వల్ల అక్కడి లిగమెంట్లు సాగి ఉండవచ్చు.

కుంటు ఒక కాలి నుంచి మరో కాలికి మారుతున్నదా అన్నది తప్పక గమనించండి. మన ప్రాంతంలో గోమార్లు లేని కుక్క అరుదు. గోమారు కాటుతో వచ్చే ఎర్లికియా జ్వరంలో అనేక కీళ్లు వాచి, దెబ్బ ఏదీ తగలకుండానే కుక్క కుంటుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు ఉంటుంది. 103 దాటితే రక్తపరీక్ష చేయించకుండా కీలు చికిత్స మొదలుపెట్టకూడదు. ఎదిగే వయస్సులో పొడవాటి ఎముకల లోపల వచ్చే వాపు కూడా ఇలాగే కాలు మారుతుంది, అయితే అది వయస్సుతో తగ్గిపోతుంది. ఒకే కీలు వేడిగా ఉబ్బి, జ్వరంతో కుక్క కాలు అసలే మోపకపోతే కీలులో చీము పట్టి ఉండవచ్చు. అటువంటప్పుడు ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

రెండో పని: సరైన పరీక్ష

రెండు వారాలు దాటిన కుంటుకు ఎక్స్‌రే అవసరం. దెబ్బ తగిలిన కాలితో పాటు రెండో కాలికి కూడా తీయమని అడగండి. ఏడాది లోపు కుక్కల ఎముకల చివర్లలో ఎదిగే భాగం ఇంకా గట్టిపడక గీతలా కనబడుతుంది, దాన్ని చూసి ఎముక విరిగిందని పొరబడకుండా ఉండడానికి పక్క కాలు కావాలి. ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది, లిగమెంట్ కనబడదు. మోకాలి ముందు లిగమెంట్ తెగిందీ లేనిదీ, కుక్కకు మత్తు ఇచ్చి, కండరాలు సడలాక కాలి ఎముక ముందుకు జారుతుందా అని చేత్తో చూసి తేలుస్తారు. ‘ఎక్స్‌రే బాగానే ఉంది’ అన్న మాటతో ఇంటికి తిరిగి రావద్దు.

మత్తు విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. కార్వాన్ వంటి సన్నని పరుగు జాతుల ఒంట్లో కొవ్వు తక్కువ. గ్రేహౌండ్లలో థయోపెంటాల్ మత్తు ఎంతకీ దిగకపోవడం పశువైద్యులకు బాగా తెలిసిన సంగతే. మీ కుక్క కూడా అదే తరహా అని ముందే గుర్తుచేయండి.

తాలూకా దవాఖానలో ఈ వసతులు లేకపోతే పశువైద్య కళాశాలలు పర్భణీలోనూ, లాతూర్ జిల్లా ఉద్గీర్‌లోనూ ఉన్నాయి. తెలంగాణ వైపు వెళ్లేవారికి హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్ కళాశాల ఉంది. లిగమెంట్ పూర్తిగా తెగితే, పాతిక కిలోల కుక్క విశ్రాంతితో మళ్లీ పరుగుకు వస్తుందని ఆశపడడం సరికాదు; శస్త్రచికిత్స గురించి వెంటనే అడగాలి. భుజం, మోచేయి కీళ్లలో మృదులాస్థి ముక్క ఊడి తిరుగుతున్నా అంతే. సగం తెగినవి, సాగినవి, బెణికినవి మాత్రం ఇంటి దగ్గర ఓపికతో చేసే చికిత్సకు చాలావరకు లొంగుతాయి.

మూడో పని: మందులు, మందుల నుంచి కాపాడడం

మన ఇళ్లలో ఉండే నొప్పి మాత్రలు కుక్కకు వేయకూడదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పారాసెటమాల్ మోతాదు మించితే కాలేయం చెడుతుంది. పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని రాబందుల చావుల కారణంగా 2006లోనే ప్రభుత్వం నిషేధించింది. మెలాక్సికామ్ కుక్కలకు వాడేదే, కానీ రోజువారీ మోతాదు కిలోకు 0.1 మి.గ్రా. మాత్రమే. పాతిక కిలోల కుక్కకు అది రెండున్నర మి.గ్రా. అవుతుంది. మనుషుల 15 మి.గ్రా. మాత్ర ఒకటి వేస్తే ఆరు రెట్లు వేసినట్లే. డాక్టరు రాసిన మందును కూడా తిండి తిన్నాకే ఇవ్వండి. వాంతి, నల్లటి విరేచనం కనబడితే ఆపి ఫోను చేయండి. స్టెరాయిడ్ సూది వేసిన కుక్కకు ఈ మాత్రలు కలిపి ఇవ్వకూడదు కాబట్టి అంతకు ముందు ఎవరు ఏ సూది వేశారో దాచకుండా చెప్పాలి.

వాత పెట్టడం, వెదురుబద్దలతో బిగించి కట్టడం పూర్తిగా మానాలి. వాత కీలు లోపలి గాయాన్ని ఏమీ చేయదు, పైన ఇంకో గాయాన్ని చేస్తుంది. బిగుతు కట్టు రక్తాన్ని ఆపి పాదాన్నే కుళ్లబెడుతుంది.

నాలుగో పని: కట్టడి

అన్నిటికంటే కష్టమైన పని ఇదే. కుక్క బాధతో మూలుగుతున్నన్నాళ్లూ దాన్ని ఆపడం సులభం. నొప్పి తగ్గి, తోక ఊపుతూ గడప దగ్గర నిలబడినప్పుడు ఆపడమే కష్టం. గొలుసుతో కట్టిన కుక్క ఎవరు వచ్చినా ఎగిరి దూకి, గొలుసు చివర మెలిపడుతుంది, మోకాలికి అంతకంటే చెడ్డది లేదు. మేకపిల్లలకు వేసినట్లు ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు జాలీ దొడ్డి వేసి అందులో ఉంచండి. మన ఇళ్లలో నునుపు షాబాద్ బండల మీద కాళ్లు జారతాయి, కనుక దొడ్డిలోనూ, బయటికి వచ్చే దారిలోనూ గోనెపట్టాలు పరవండి. మంచం ఎక్కడం, మెట్లు దిగడం, పిల్లలతో ఆట, ఇంకో కుక్క తోడు, ఇవన్నీ బంద్.

మొదటి రెండు వారాలు మూత్రానికీ విరేచనానికీ మాత్రమే, రోజుకు నాలుగైదుసార్లు, ఐదేసి నిమిషాలు తాడుతో బయటికి తీయండి. తాజా దెబ్బకు మొదటి మూడు రోజులు గుడ్డలో చుట్టిన మంచు పది పదిహేను నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు పెట్టాలి. పాత దెబ్బకైతే నడక ముందు గోరువెచ్చని కాపడం, నడిచాక చల్లని కాపడం మేలు చేస్తాయి. గోళ్లు పెరిగితే పాదం మోపే కోణమే మారిపోతుంది, కత్తిరించండి.

తిండిని పావు వంతు తగ్గించండి. కదలని కుక్కకు పెరిగే ప్రతి అరకిలో కీలు మీదే పడుతుంది. జొన్నరొట్టె, పాలతోనే పెంచుతున్న పిల్లకు గుడ్డు, ఉడికించిన మాంసం చేర్చాలి, కానీ డాక్టరు చెప్పకుండా క్యాల్షియం టానిక్ పోయవద్దు. ఎదిగే పెద్ద జాతుల పిల్లల్లో క్యాల్షియం ఎక్కువైనా కీళ్లు వికారంగా ఎదుగుతాయి.

ఐదో పని: మళ్లీ నడక, ఆపై పరుగు

మూడో వారం నుంచి పూటకు ఐదు నిమిషాల చొప్పున రెండు పూటలా తాడు నడక మొదలుపెట్టి, వారానికి ఐదేసి నిమిషాలు పెంచండి. నడక ఎంత మెల్లగా ఉంటే అంత మంచిది, ఎందుకంటే మెల్లగా నడిచేటప్పుడే కుక్క నాలుగో కాలిని మోపక తప్పదు. మర్నాడు ఉదయం లేచినప్పుడు కుంటితే నిన్నటి పని ఎక్కువైందని లెక్క. ముందు వారం కొలతకు దిగిపోవాలి.

ఆరో వారం తరువాత కూర్చోబెట్టి లేపడం పదేసి సార్లు, చదునైన నేల మీద నాలుగంగుళాల ఎత్తున వెదురుకర్రలు వరుసగా పెట్టి దాటించడం, కాలువ గట్టు ఎక్కించి దించడం చేర్చండి. ఈత చాలా మంచిదే, అయితే ప్లాస్టిక్ పరిచిన శేత్తళ్యాల్లో (చేలో తవ్విన నీటి కుంటల్లో) దింపకండి. జారుడు గోడ ఎక్కలేక కుక్కలూ మేకలూ వాటిలో మునిగి చనిపోతాయి. గట్టి ఒడ్డున్న నిలకడ నీటిలో, నడుముకు తాడు కట్టి, మీరూ దిగి, రెండు నిమిషాలతో మొదలుపెట్టండి.

దసరా వేళ దెబ్బ తగిలిన కుక్కను మార్గశిరంలో వచ్చే మాళేగావ్ యాత్రకు సిద్ధం చేయాలని ప్రతి ఇంటా తొందరపడతారు. అది రెండు, రెండున్నర నెలల వ్యవధి. ఆ ఏడాది యాత్ర వదులుకోవాలి.

పన్నెండు వారాలు దాటి, రెండు తొడల కొలతలూ దాదాపు సమమై, మాత్రలు ఆపి రెండు వారాలైనా కుంటు రానప్పుడు, డాక్టరు మళ్లీ కీలు చూశాక, దున్నని మెత్తని నేల మీద తిన్నని పరుగుకు వదలండి. మొదటి వారం యాభై అడుగుల దూరం చాలు, అదీ రోజు విడిచి రోజు. పూర్తి వేగం ఇంకో మూడు వారాల తరువాతే, మలుపులు అన్నిటికంటే చివర: మొదట పెద్ద వలయంలో ఎడమకు, కుడికి సమంగా, ఆ తరువాతే చిన్న వలయంలో. సోయా కొయ్యకాళ్లు నిలిచి ఉన్న చేలోకి, బీటలు మూసుకోని రేగడిలోకి ఆ ఏడాదంతా వదలకండి.