రాత్రి విమానంలో నిద్ర దక్కించుకోవడం ఎట్లా

రాత్రిపూట బయలుదేరి తెల్లారి దింపే విమానానికి బిజినెస్ క్లాసు టికెట్టు తీశామంటే, పోసిన డబ్బంతా నిద్ర కోసమే. ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకుంటే ఏ టికెట్టు కొనాలి, ఏ సీటు అడగాలి, ఎక్కడ తినాలి, ఎప్పుడు పడుకోవాలి అనేవి వాటంతటవే తేలతాయి. నాది గుంటూరులో మిర్చి ఎగుమతి వ్యాపారం. కొలోన్‌లో అనూగా అనే ఆహార సరుకుల ఎగ్జిబిషను జరిగే ఏడు జర్మనీకి, అట్లాంటిదే సియాల్ జరిగే ఏడు పారిస్‌కి పోతుంటాను. దిగిన పూటే కొనేవాడు ఎదురుగా కూర్చుంటాడు. రంగు ఎంత, ఘాటు ఎంత, బూజు విషం అఫ్లాటాక్సిన్ రిపోర్టు ఏది, రేటు ఎంత తగ్గిస్తావు అని వరసగా అడుగుతాడు. కళ్ళు మండుతూ తల దిమ్ముగా ఉన్నవాడు ఆ బేరంలో కిలోకి పది సెంట్లు జారవిడిచాడంటే, కంటైనరు మొత్తం మీద పోయే డబ్బు టికెట్టు తేడాకి దగ్గరకొస్తుంది. మా మిర్చి యార్డులో కొత్తగా ఎగుమతులకి దిగిన కుర్రవాళ్ళు మొదటిసారి బిజినెస్ టికెట్టు తీసేముందు వచ్చి అడుగుతుంటారు. వాళ్ళకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఏ విమానానికి ఆ డబ్బు పెట్టాలో తేల్చుకోవాలి. రాను పోను రెండువైపులా బిజినెస్ అక్కర్లేదు. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి లుఫ్తాన్సా 2024 జనవరిలో నేరుగా విమానం మొదలుపెట్టాక మనవైపు వాళ్ళకి పని తేలికయింది. అర్ధరాత్రి దాటాక ఎక్కితే తొమ్మిది గంటల పైచిలుకు ఏకబిగిన ప్రయాణం, దిగేసరికి అక్కడ పొద్దున్న. ఇట్లాంటి ప్రయాణానికి బిజినెస్ తీసుకోవచ్చు. తిరుగు ప్రయాణం పగటిపూట అయితే ఎకానమీలో నడవ పక్క సీటు చాలు. మెలకువగా కూర్చునే ప్రయాణానికి పరుపు ఎందుకు? అదే దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో యూరప్ పోతే రాత్రి రెండు ముక్కలవుతుంది. నాలుగు గంటలు పోయి దిగాలి, మళ్ళీ సెక్యూరిటీ, మళ్ళీ ఎక్కడం. సీటు ఎంత గొప్పదైనా ఆ ముక్కల నిద్ర నిద్ర కాదు. ధర కొంచెం తక్కువగా కనిపించినా నేను యూరప్‌కి ఆ దారి పట్టను.

టికెట్టు మీద బిజినెస్ అని పెద్దక్షరాల్లో కనిపించినా ఒక్కో విమానం విడివిడిగా చూడండి. రెండు విమానాలున్న టికెట్టులో చిన్నదానికి బిజినెస్, పెద్దదానికి ఎకానమీ పెట్టి చౌకగా చూపించే వెబ్‌సైట్లున్నాయి. మనకి కావలసింది సరిగ్గా దానికి తిరగేసి.

వ్యాపారం మీద పోయేవాళ్ళు బుక్ చేసేటప్పుడే కంపెనీ జీఎస్‌టీ నంబరు ఇవ్వాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి బిజినెస్ క్లాసు టికెట్ల మీద జీఎస్‌టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. నంబరు ముందే ఇస్తే ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కట్టిన పన్నుని మీ జీఎస్‌టీలో తగ్గించుకునే వీలు, ఉంటుంది, తర్వాత ఇన్వాయిసు మార్పించుకోవడానికి నానా తిప్పలు. మీ ఆడిటరుతో ఒక మాట మాట్లాడి పెట్టుకోండి.

ఇక సీటు. టిక్కీ, అంటే మిర్చి బస్తా, విప్పి కాయ చేత్తో విరిచి చూడకుండా యార్డులో ఎవరూ ధర వేయరు. సీటు కొనేటప్పుడూ అంతే, విమానం రకం చూడకుండా డబ్బు కట్టొద్దు. బిజినెస్ క్లాసులో పూర్తిగా చదునుగా పరుచుకునే సీటుని మొదట తెచ్చింది బ్రిటిష్ ఎయిర్‌వేస్, 2000లో. ఇన్నేళ్ళయినా అన్ని విమానాల్లో అన్ని సీట్లూ ఒకటి కావు. వరసకి 1-2-1 అని, అంటే అటు ఒకటి, రెండు నడవల మధ్య రెండు, ఇటు ఒకటి అని ఉంటే ప్రతి సీటుకీ నేరుగా నడవ ఉంటుంది, ఎవరినీ దాటక్కర్లేదు. 2-2-2 అని ఉంటే కిటికీ పక్కన పడుకున్నవాడు రాత్రి బాత్రూముకి లేవాలంటే పక్కాయన కాళ్ళ మీదుగా దాటాలి. అట్లాంటి విమానంలో నడవ సీటే తీసుకోండి, అదీ మధ్య జంటలోది అయితే మంచిది. ఆ జంటలో రెండో ఆయనకి అటువైపు వేరే నడవ ఉంటుంది కనుక మిమ్మల్ని లేపడు.

1-2-1లో కూడా తేడాలున్నాయి. చాలా సీట్లలో పడుకున్నప్పుడు పాదాలు ముందు సీటు పక్కనున్న చిన్న గూట్లోకి పోతాయి. ఆ గూడు ఇరుకైతే పక్కకి తిరిగి ముడుచుకుని పడుకునేవాళ్ళకి రాత్రంతా ఇబ్బందే. గోడ ఎదురుగా ఉండే మొదటి వరసలో పాదాల చోటు సాధారణంగా ఎక్కువ. కానీ పసిపిల్లల ఉయ్యాల తగిలించేదీ ఆ గోడకే, వంటగది వెలుతురూ గిన్నెల చప్పుడూ పడేదీ అక్కడే. నేనయితే వంటగదికీ బాత్రూములకీ దూరంగా క్యాబిన్ నడిమధ్య వరసల్లో ఒంటరి కిటికీ సీటు తీసుకుంటాను. కొన్ని విమానాల్లో ఒక వరసలో సీటు కిటికీకి ఆనుకుని, తర్వాతి వరసలో నడవకి ఆనుకుని ఉంటుంది; కిటికీకి ఆనుకున్నదే పడుకోవడానికి మేలు, నడిచేవాళ్ళు భుజం రాసుకుంటూ పోరు. ఇవన్నీ ఏరోలోపా అనే వెబ్‌సైటులో విమానం వారీగా గీసి ఉంటాయి. ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందు మళ్ళీ ఒకసారి చూడండి. విమానం మారిస్తే సీటూ మారిపోతుంది, ఎవరూ ఫోను చేసి చెప్పరు.

గుంటూరు నుంచి శంషాబాద్ పోవడంలోనే చాలామంది సగం ఓపిక పోగొట్టుకుంటారు. సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, మిర్యాలగూడ మీదుగా కారులో ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం దాకా కొట్లో కూర్చుని చీకటి పడ్డాక బయలుదేరితే విమానం ఎక్కేటప్పటికే ఒళ్ళు హూనం. మధ్యాహ్నం భోజనం చేసి బయలుదేరండి, కారులో కునుకు తీయకండి, ఆ నిద్ర రాత్రికి దాచుకోండి. మిర్యాలగూడ దగ్గర తాగే టీయే ఆ రోజుకి ఆఖరి టీ. విజయవాడ వాళ్ళు గన్నవరం నుంచి హైదరాబాద్‌కి చిన్న విమానంలో పోవచ్చు, గంట ప్రయాణం. అయితే రెండు టికెట్లు వేరువేరుగా కొన్నారంటే మధ్యలో కనీసం ఐదారు గంటలు పెట్టుకోండి. చిన్న విమానం ఆలస్యమై పెద్దది తప్పిపోతే, వేరే టికెట్టు కనుక పెద్ద విమానం వాళ్ళకి బాధ్యత ఉండదు.

సామాను గురించి ఒక్క మాట. కారం నమూనాలు చేతిసంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు. నేను వాటిని ముందే కాగితాలతో సహా కొరియరులో పంపేస్తాను. మందులు, ముఖ్యంగా ఇన్సులిన్, డాక్టరు చీటీతో చేతిసంచిలోనే ఉండాలి. పవర్ బ్యాంకు కూడా చేతిసంచిలోనే. విమానంలో దాన్ని వాడనివ్వని సంస్థలు పెరుగుతున్నాయి కనుక ఫోను విమానాశ్రయంలో బిజినెస్ టికెట్టు వాళ్ళు కూర్చునే లౌంజ్‌లోనే నింపుకోండి.

లౌంజ్ ఉన్నది భోజనానికి, స్నానానికి. ఇదే నేను అందరికన్నా గట్టిగా చెప్పే సంగతి. లెక్క చూడండి. తొమ్మిదిన్నర గంటల ప్రయాణం అనుకుందాం. పైకి లేచి బెల్టు దీపం ఆరడానికి అరగంట. తర్వాత బల్ల పరిచి ఒక్కొక్కటిగా వడ్డించి గిన్నెలు తీసేసరికి గంటన్నర. దిగడానికి రెండు గంటల ముందు లైట్లు వేసి టిఫిను. మిగిలేది ఐదున్నర గంటలు. అదే లౌంజ్‌లో కడుపు నిండా కాకుండా ఇంత పప్పన్నం, పెరుగన్నం తిని ఎక్కి, టిఫిను కూడా వద్దని ముప్పావుగంట ముందు లేస్తే, చేతిలో ఎనిమిది గంటలుంటాయి. ఆ వడ్డన చూడాలని మనసు లాగుతుంది, నిజమే. కానీ అంత ఎత్తులో ఏది తిన్నా నేల మీద ఉన్న రుచి ఉండదు. లుఫ్తాన్సా కోసం జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ విమానపు డొక్కలో గాలి ఒత్తిడీ తేమా తగ్గించి మనుషుల చేత తినిపించి చూసింది. ఉప్పూ తీపీ బాగా తగ్గి తెలుస్తాయి, పులుపూ ఘాటూ మాత్రం పెద్దగా తగ్గవు. మిర్చి వాడిని కనుక ఆ సంగతి చదివినప్పుడు నాకు సంతోషమైంది.

విమానంలోనే తింటామనే శాకాహారులు 24 గంటల ముందే చెప్పి పెట్టుకోవాలి. మన శాకాహారానికి ఏవీఎంఎల్ అనే కోడు ఉంది, డయాబెటిస్ ఉన్నవాళ్ళకి డీబీఎంఎల్. కొన్ని సంస్థల్లో, ఖతార్ ఎయిర్‌వేస్ లాంటి వాటిలో, ఎప్పుడు అడిగితే అప్పుడు పెడతారు. పడుకుని లేచాక తినొచ్చు.

లౌంజ్‌లోనే వదులు నూలు ప్యాంటు, టీషర్టు వేసుకోండి. మరుసటి రోజు చొక్కా మడతపడకుండా విడిగా పెట్టుకుని, ఎక్కగానే సిబ్బందికి ఇస్తే తగిలించి పెడతారు. అప్పుడే, వాళ్ళు మెనూ కార్డు తెచ్చినప్పుడే, మూడు మాటలు చెప్పండి: నేను భోజనం చేసి వచ్చాను, టిఫినుకి లేపొద్దు, దిగడానికి ముప్పావుగంట ముందు కాఫీతో లేపండి. మనవాళ్ళు ఇక్కడ మొహమాటపడతారు. అడగడం వాళ్ళకి పని పెంచినట్టు కాదు, తగ్గించినట్టు. పరుపు, ఇంకో దిండు కావాలన్నా అప్పుడే అడగాలి, మిగిలినవి తక్కువే ఉంటాయి.

బెల్టు దీపం ఆరగానే సీటు చదును చేయించండి. దుప్పటి కప్పుకున్నాక బెల్టు దుప్పటి పైన పెట్టుకోండి, లోపల కాదు. గాలి కుదుపు వచ్చి దీపం వెలిగితే సిబ్బంది ప్రతి ఒక్కరి బెల్టూ చూస్తూ వస్తారు. అది కనబడకపోతే లేపి మరీ అడుగుతారు. ఇంత చిన్న పని రాత్రి రెండు మూడు మెలకువల్ని తప్పిస్తుంది. కళ్ళగంత, మేజోళ్ళు వాళ్ళిచ్చే సంచిలో ఉంటాయి. చెవుల్లో దూది లాంటి ప్లగ్గులు పెట్టుకుని దానిమీద హెడ్‌ఫోను పెట్టుకుంటే ఇంజను మోత చాలావరకు పోతుంది.

ఫోను దిండు కింద పెట్టొద్దు. సీటు సందులో పడిపోయిందా, ఏ బటనూ నొక్కకండి, సీటు కదల్చకండి, సిబ్బందిని పిలవండి. సీటు యంత్రం కింద ఫోను నలిగితే బ్యాటరీ అంటుకుంటుంది. విమానంలో నిప్పు కంటే భయపడాల్సింది ఇంకోటి లేదు.

గాలి ఒత్తిడి లోపల ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంత దాకా తగ్గుతుంది, బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350లలో ఆరు వేల అడుగులే. తేమ కూడా చాలా తక్కువ. నోరు, ముక్కు ఎండిపోయి మెలకువ వస్తుంది. నీళ్ళ సీసా చేతికందేలా పెట్టుకోండి. మందు ఉచితమే కానీ రెండు పెగ్గులు వేసుకున్నవాడి నిద్ర మూడు గంటలకే చెడుతుంది, వేసుకుంటే ఒక్కదాంతో ఆపండి. నిద్రమాత్ర వేసుకుని కదలకుండా పడి ఉండడం ఇంకా ప్రమాదం, కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టొచ్చు. పరుపు మీద పడుకున్నంత మాత్రాన ఆ భయం పోదు. మధ్యలో లేచినప్పుడు నడవలో రెండుసార్లు అటూ ఇటూ నడవండి.

అమెరికా పోయే తల్లిదండ్రుల సంగతి కొంచెం వేరు. ఢిల్లీ నుంచి అర్ధరాత్రి దాటాక బయలుదేరే విమానాలు 15, 16 గంటలు పోతాయి, అంతసేపు ఒకే నిద్ర రాదు. ఎక్కగానే మన రాత్రి ప్రకారం ఐదారు గంటలు, మధ్యలో లేచి భోజనం, నడక, ఒక సినిమా, చివర్లో అక్కడి రాత్రి ప్రకారం ఇంకో రెండు మూడు గంటలు పడుకోండి. న్యూయార్క్ మనకన్నా వేసవిలో తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర గంటలు వెనక. బీపీ, షుగరు మాత్రలు ఏ టైము ప్రకారం వేసుకోవాలో బయలుదేరక ముందే డాక్టరుని అడిగి కాగితం మీద రాయించుకోండి. మోకాళ్ళ నొప్పులుంటే వీల్‌చైరు టికెట్టుతోపాటే అడగండి, దానికి డబ్బులేమీ తీసుకోరు. భార్యాభర్తలయితే మధ్య జంట సీట్లు బాగుంటాయి, రాత్రి ఒకరి అవసరం ఒకరికి తెలుస్తుంది.

దిగాక ఇమిగ్రేషన్ దగ్గర బిజినెస్ టికెట్టుకి పెద్దగా విలువ ఉండదు. 2025 అక్టోబరు నుంచి యూరప్‌లో, ఆ తర్వాత మొదటిసారి ప్రవేశించేవాళ్ళ వేలిముద్రలు, ఫోటో తీసుకుంటున్నారు, వరస కదలడానికి టైము పడుతుంది. అందుకే మొదటి మీటింగు మధ్యాహ్నం తర్వాతే ఒప్పుకోండి. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలోనే రైల్వే స్టేషను ఉంది, కొలోన్‌కి వేగం రైలు గంట ప్రయాణం, ఎగ్జిబిషను హాళ్ళ పక్కనే డాయిట్స్ స్టేషను. రైలు ఎక్కేముందు మొహం కడుక్కుని, చొక్కా మార్చుకుని, పది నిమిషాలు ఎండలో నిలబడండి. హోటల్లో పడుకోవడం రాత్రి తొమ్మిది దాటాకే.

ఈ బిజినెస్ టికెట్టుకి మైళ్ళు, అంటే తర్వాత టికెట్లకి వాడుకునే పాయింట్లు, ఎకానమీ కన్నా ఎక్కువ పడతాయి. లుఫ్తాన్సా, ఎయిర్ ఇండియా రెండూ స్టార్ అలయన్స్ అనే విమాన సంస్థల కూటమిలోవే కనుక లుఫ్తాన్సాలో పోయినా ఎయిర్ ఇండియా ఖాతాలో వేయించుకోవచ్చు. ఖాతా నంబరు బుకింగులో ముందే ఎక్కించండి. మైళ్ళు ఖాతాలో కనబడేదాకా బోర్డింగ్ పాసు పారేయకండి, పడకపోతే దాని ఫోటో పెట్టి అడగాల్సి వస్తుంది.