యాకోబు ఇంటి గొడవల్ని మన ఇంటి కోసం చదువుకోవడం ఎలా

యాకోబు అనగానే మనకి బేతేలు దగ్గర కలలో చూసిన నిచ్చెన, రాత్రంతా చేసిన పెనుగులాట గుర్తొస్తాయి, కానీ బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండములో 25 నుంచి 50వ అధ్యాయం వరకు వరసగా చదివితే అందులో ఎక్కువ భాగం ఇంటి గొడవలే. అన్నకి భయపడి పారిపోయిన తమ్ముడు, తలా ఒక కొడుకుని వెనకేసుకొచ్చిన తల్లిదండ్రులు, ఒకే భర్త కోసం పోటీ పడిన అక్కాచెల్లెళ్లు, తమ్ముణ్ణి 20 వెండి నాణేలకి అమ్మేసిన అన్నలు. మీ ఇంట్లో మాటలు ఆగిపోయినవాళ్లు ఉంటే ఈ 26 అధ్యాయాలు ఒకసారి పెన్ను పేపర్ దగ్గర పెట్టుకుని చదవండి, ఒక్కరోజులో అవదు, రెండు మూడు వారాలు పట్టినా పర్లేదు.

ముందు పేపర్ మీద కుటుంబం గీయండి. పైన ఇస్సాకు, రిబ్కా, కింద కవలలు ఏశావు, యాకోబు, దాని కింద లేయా, రాహేలు, దాసీలు బిల్హా, జిల్పా, తర్వాత 12 మంది కొడుకులు, కూతురు దీనా. ఇప్పుడు ఎవరు ఎవర్ని ఎక్కువ ప్రేమించారో బాణం గుర్తులు వేయండి. 25:28లో (అంటే 25వ అధ్యాయం 28వ వచనం) ఇస్సాకుకి ఏశావు ఇష్టం, రిబ్కాకి యాకోబు ఇష్టం, 29:30లో యాకోబుకి లేయా కంటే రాహేలు ఇష్టం, 37:3లో కొడుకులందరికంటే యోసేపు ఇష్టం. తండ్రి తనని కాదని అన్నని ఇష్టపడితే ఎలా ఉంటుందో బాగా తెలిసిన మనిషే, తర్వాత తన పిల్లల దగ్గర అదే చేశాడు. ఈ బాణాలు చూశాక ఇంకో పేపర్ తీసుకుని మీ ఇల్లు గీయండి. ఒకవేళ మీ ఇంట్లో ఆ ఇష్టమైన బిడ్డ మీరే అయితే ఇది ఇంకా కష్టం, ఎందుకంటే ఆ స్థానంలో ఉన్నవాళ్లకి తేడా కనపడదు, తండ్రి తనకి మాత్రమే కుట్టించిన నిలువుటంగీ వేసుకునే యోసేపు అన్నల్ని వెతుక్కుంటూ దోతాను అనే ఊరి దాకా వెళ్లాడు.

తర్వాత 27, 37 అధ్యాయాలు పక్కపక్కన పెట్టి చదవండి. అన్నకి రావాల్సిన ఆశీర్వాదం కోసం యాకోబు తండ్రిని మోసం చేసింది మేకపిల్లల చర్మంతో, అన్న బట్టలతో. ఏళ్లు గడిచాక అతని కొడుకులు యోసేపు చనిపోయాడని అతన్ని మోసం చేసింది మేకపిల్ల రక్తంతో, తమ్ముడి అంగీతో. పాత కథ వాళ్లకి తెలుసో లేదో వాక్యం చెప్పదు. ఇది చదివి ఫలానావాళ్లకి దేవుడు బాగా బుద్ధి చెప్పాడు అని ఎవరి కష్టాన్నీ కొలవొద్దు దయచేసి, అక్కడ దేవుడు పగ తీర్చుకున్నాడని రాసి లేదు. నిజం దాచే అలవాటు మా అమ్మానాన్నల నుంచి నాకేం వచ్చింది, నా పిల్లలు నన్ను చూసి ఏం నేర్చుకుంటున్నారు, ఈ రెండే రాసుకోండి.

32, 33 అధ్యాయాల దగ్గర మాత్రం తొందరపడకండి, నేను ఎన్నోసార్లు ఆగిపోయింది ఇక్కడే. 20 ఏళ్ల తర్వాత ఏశావు 400 మందితో వస్తున్నాడని తెలిసి యాకోబుకి వణుకు పుట్టింది, ప్రార్థన చేశాడు, 550కి పైగా పశువుల్ని ముందుగా పంపాడు, ఆ రాత్రి యబ్బోకు ఏటి దగ్గర ఒంటరిగా మిగిలాడు. అక్కడ పెనుగులాడినాయన అడిగింది నీ పేరేమిటని. గుడ్డివాడైన తండ్రి నువ్వెవరని అడిగినప్పుడు నేను ఏశావుని అన్న నోరు ఈసారి యాకోబు అంది. సమాధానపడాలనుకునేవాళ్లు అన్నకో చెల్లెలికో ఫోన్ చేసే ముందు దేవుని ముందు ఇది చేయాలి, నేను చేసింది ఇదీ అని సాకుల్లేకుండా పేరు పెట్టి చెప్పాలి. పొద్దున్నే అతను భార్యాపిల్లల వెనక దాక్కోకుండా తానే ముందు నడిచి ఏడుసార్లు సాగిలపడ్డాడు. 33:11లో నా కానుక తీసుకో అంటాడు కదా, హీబ్రూలో అక్కడున్న మాటకి ఆశీర్వాదం అని అర్థం, అంటే అన్న దగ్గర లాక్కున్నది ఏదో దాని పేరుతోనే తిరిగి ఇస్తున్నాడు. మనం తీసుకున్నది డబ్బైతే డబ్బు, పరువైతే పదిమంది ముందు ఆ పరువు తిరిగి ఇవ్వాలి, ఉత్తి సారీతో అయిపోదు.

34:5, 35:22 కూడా గుర్తు పెట్టుకోండి. కూతురు దీనాని ఒకడు చెరిచాడని విన్న యాకోబు, కొడుకులు పొలం నుంచి వచ్చేదాకా ఊరుకున్నాడు, పెద్ద కొడుకు రూబేను బిల్హాతో పడుకున్నాడని విన్నాడు అని ఉంది అంతే. రూబేనుని, దీనా కోసం ఆ ఊరి మగవాళ్లని చంపిన షిమ్యోనుని, లేవిని గట్టిగా మందలించింది 49లో, చనిపోయే మంచం మీద. మీ పిల్లలతో మాట్లాడాల్సింది ఉంటే ఈ వారమే మాట్లాడండి.

ఇక సమాధానపడ్డాక మళ్లీ ఒకే ఇంట్లో ఉండాలేమో అని చాలామంది భయపడి అసలు మొదలే పెట్టరు. ఏశావు శేయీరుకి వెళ్లిపోయాడు, యాకోబు సుక్కోతుకి వెళ్లి అక్కడ ఇల్లు కట్టుకున్నాడు, ఎవరి బతుకు వాళ్లది. కానీ 35:29 చూడండి, 180 ఏళ్ల ఇస్సాకు చనిపోయినప్పుడు ఏశావు, యాకోబు ఇద్దరూ కలిసి పాతిపెట్టారు.