కొత్త ఏటీవీ తోటలోకి దిగే ముందు

ఏటీవీ అంటే గట్లు, గుంటల మీద కూడా తిరిగే నాలుగు చక్రాల బండి. కొత్త బండి కదా, ఏమవుతుందిలే అనుకోకండి. షోరూంలో బిగించిన నట్లు కూడా మొదటి కొన్ని గంటల్లోనే వదులు కావచ్చు. స్టార్ట్ చేసే ముందు ఇవి చూసుకోండి:

- చక్రాల నట్లు, హ్యాండిల్ బోల్టులు, బ్యాటరీ టెర్మినళ్లు. మొదటి తిరుగుడు అయ్యాక మళ్లీ ఒకసారి.

- టైర్లలో గాలి. చాలా ఏటీవీలకు 5 నుంచి 7 పీఎస్ఐ చాలు, కచ్చితమైన లెక్క బండి మీది స్టిక్కర్‌లో ఉంటుంది. కారు గేజ్ ఇంత తక్కువ సరిగ్గా చూపదు. తక్కువ ప్రెషర్ గేజ్ కొనండి. పెట్రోల్ బంకులో కారుకు కొట్టినట్టు 30 కొట్టించారో, టైరు పాడవుతుంది, బండి ఎగిరెగిరి పడుతుంది.

- ఇంజిన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్. కింద మరకలున్నాయేమో వంగి చూడండి.

- ఎయిర్ ఫిల్టర్. మన ఎర్రమట్టి దుమ్ములో దీన్ని పట్టించుకోకపోతే దుమ్ము లోపలికెళ్లి పిస్టన్, సిలిండర్ అరిగిపోతాయి. మాన్యువల్‌లో రాసిన గడువు దాకా ఆగొద్దు, వేసవిలో ఇంకా ముందే విప్పి చూడండి.

- మొదటి 10, 20 గంటలు ఫుల్ థ్రాటిల్ వద్దు, బరువులు లాగించొద్దు. ఒకే వేగంతో గంటలకొద్దీ నడపడమూ మంచిది కాదు. ఇంజిన్ బలం బెల్ట్ ద్వారా చక్రాలకు అందే బండైతే ఎత్తు ఎక్కేటప్పుడు లో గేర్ వేయండి, లేదంటే బెల్ట్ కాలుతుంది.

- మొదటి సర్వీసు ఎగ్గొట్టొద్దు. కొత్త ఇంజిన్ అరుగుదలలో రాలే ఇనుప రజను ఆ ఆయిల్‌తోనే బయటికి పోవాలి. బిల్లు దాచండి, వారంటీ గొడవలో అదే సాక్ష్యం.

హెల్మెట్ సరే సరి. పిల్లలు ఎంత మారాం చేసినా పెద్దల బండి ఇవ్వొద్దు.