ఎక్స్‌పోల సీజన్ వచ్చింది: అర్జీ పడేదాకా మూత తీయకండి

భీమవరం వైపు ఒక ఇంజనీరింగ్ కుర్రాడికి ఈ మధ్య పేటెంట్ ఆఫీసు నుంచి మొదటి పరిశీలన నివేదిక వచ్చింది. రొయ్యల చెరువులో చెక్ ట్రేని (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) పడవ ఎక్కకుండా, గట్టు మీద నుంచే పైకి లాగే చిన్న అమరిక అతను తయారుచేశాడు. ఇది కొత్తది కాదనడానికి నివేదికలో 'డీ1' అని చూపించిన ఆధారం జపాన్ పేటెంటూ కాదు, చైనా పేపరూ కాదు. కాలేజీ వాళ్లే యూట్యూబ్‌లో పెట్టిన ఎక్స్‌పో వీడియో. అందులో ఆ కుర్రాడే పెట్టె మూత తీసి, కప్పీ ఎక్కడ పెట్టాడో, బరువు ఎంత వేశాడో, తడిసిన తాడు బిగుసుకోకుండా ఏం చేశాడో పూసగుచ్చినట్టు చెబుతున్నాడు. అర్జీ వేసింది ఆ వీడియో పెట్టిన కొన్ని నెలలకి. "వీడియో తీసేయిస్తే సరిపోతుందాండి?" అని అడిగాడు. సరిపోదు. జరిగిన ప్రచురణ జరిగినట్టే.

పేటెంట్ అంటే ఏమిటి, కాపీరైట్‌కి దానికి తేడా ఏమిటి అన్నవి ఇక్కడ రాయను, అవి ఎక్కడైనా దొరుకుతాయి. ఈ నాలుగు నెలల్లో కాకినాడ నుంచి తాడేపల్లిగూడెం దాకా ప్రతి క్యాంపస్‌లోనూ ఎక్స్‌పోలు, సదస్సులు, థీసిస్ సమర్పణలు ఉంటాయి. ఏళ్ల తరబడి చేసిన పనిని ఒక్క పూటలో పోగొట్టే తప్పు ఒకటే కళ్లముందు మళ్లీ మళ్లీ జరుగుతోంది. ముందు బయటపెట్టి, తర్వాత అర్జీ వేయడం.

అర్జీ తేదీకి ముందు ఆ ఆవిష్కరణ ప్రపంచంలో ఎక్కడైనా, ఏ భాషలోనైనా జనానికి అందితే చట్టం దృష్టిలో అది ఇక కొత్తది కాదు. బయటపెట్టింది మీరే అయినా అంతే. పోస్టర్, సదస్సు అబ్‌స్ట్రాక్ట్‌ల పుస్తకం, ప్రీప్రింట్, లైబ్రరీలో పెట్టిన థీసిస్, పేపర్ జిల్లా పేజీలో వచ్చిన వార్త, ఆక్వా రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టిన డ్రాయింగ్, అన్నీ లెక్కలోకి వస్తాయి. అది ఏం చేస్తుందో చెప్పడం వేరు, ఎలా చేస్తుందో చెప్పడం వేరు. మనవాళ్లు ఎదుటివాళ్లు మెచ్చుకునేసరికి రెండోది కూడా చెప్పేస్తారు. జడ్జీలు అడిగితే చెప్పకుండా ఎలా ఉంటాం అంటారు. అర్జీ వేసి వెళితే ఎంతైనా చెప్పుకోవచ్చు.

"బయటపెట్టినా ఇండియాలో 12 నెలల గ్రేస్ ఉంది కదా" అనే మాట క్యాంపస్‌లలో బాగా తిరుగుతోంది. దాన్ని నమ్ముకోకండి. ఆ వెసులుబాటు చట్టంలో సెక్షన్ 31లో ఉంది. అది కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనలకూ, ఆవిష్కర్త ఒక విద్వత్సభలో చదివిన పత్రానికీ, ఆ సభ తన సంపుటిలో వేసిన పత్రానికీ వర్తిస్తుంది. మీ కాలేజీ ఎక్స్‌పో గెజిట్‌లో ఉండదు, యూట్యూబ్ విద్వత్సభ కాదు. రైతు చెరువులో ట్రయల్ వేయడానికి సెక్షన్ 32లో ఒక ఏడాది సడలింపు ఉంది. కానీ అది నిజంగా ట్రయలేననీ, బహిరంగంగా చేయక తప్పలేదనీ మీరే చూపించుకోవాలి. అమెరికాలో ఏడాది గడువు ఉంది, యూరప్‌లో దాదాపు లేదు. జన్యువులను కత్తిరించి అతికించే పద్ధతి కనిపెట్టిన కోహెన్, బోయర్‌లు 1973 నవంబర్‌లో పేపర్ వేసి, 1974 నవంబర్‌లో అమెరికాలో అర్జీ వేశారు. ఏడాది గడువు ఇంకొద్ది రోజుల్లో ముగుస్తుందనగా వేశారు. అక్కడ పేటెంట్ దక్కింది. మిగతా దేశాల్లో హక్కు అప్పటికే పోయింది. అంతటి వాళ్లకే మినహాయింపు లేదు.

మరి ఏం చేయాలి? ప్రొవిజనల్ అర్జీ, అంటే పూర్తి వివరాలు తర్వాత ఇచ్చేలా ముందు తేదీ ఖాయం చేసుకునే తాత్కాలిక అర్జీ, వేయండి. వ్యక్తులకూ విద్యాసంస్థలకూ ఆన్‌లైన్‌లో ఫీజు 1,600 రూపాయలు. మన రాష్ట్రం చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తుంది, అయినా అక్కడికి వెళ్లక్కర్లేదు. ఆ తేదీ నుంచి 12 నెలల్లోపు పూర్తి స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ పూర్తి వివరణ) ఇవ్వాలి, లేకపోతే అర్జీ వదులుకున్నట్టే. ప్రొవిజనల్ కదా అని ఒక పేజీ అబ్‌స్ట్రాక్ట్ పడేయకండి. అందులో రాయని సంగతికి ఆ తేదీ దక్కదు. కప్పీ, బరువు, తాడు అన్నీ బొమ్మతో సహా రాయాలి, వేరే రకంగా ఎలా చేయొచ్చో కూడా రాయాలి. ల్యాబ్ నోట్‌బుక్‌లో పాత తేదీ ఉందని ధీమా వద్దు. మన దగ్గర ముందు అర్జీ వేసినవాడిదే పైచేయి.

ఇక డెల్టాలో తరచూ ఎదురయ్యే చిక్కులు. వరి నాటే కొత్త పద్ధతికి పేటెంట్ రాదు, వ్యవసాయ విధానాలను సెక్షన్ 3(హెచ్) పక్కన పెట్టింది. నాటే యంత్రం కొత్తదైతే రావచ్చు. ఆత్రేయపురం పూతరేకులదీ అదే సంగతి. 2023లో వచ్చిన భౌగోళిక గుర్తింపు అక్కడి తయారీదారులందరిదీ. తరతరాల నుంచి వస్తున్న రేకు తీసే విధానాన్ని మీ పేరు మీద రాయించుకోలేరు, రేకు తీసే కొత్త మిషన్‌కైతే అడగొచ్చు. విత్తనాలకు, వంగడాలకు పేటెంట్ చట్టం వర్తించదు. వాటికి 2001 నాటి వంగడాల పరిరక్షణ చట్టం ఉంది. మార్టేరు వరి పరిశోధనా కేంద్రం నుంచి స్వర్ణ వరి వంగడం బయటికి వచ్చిన రోజుల్లో అలాంటి చట్టమే లేదు. ఇప్పుడు కొత్త వంగడాన్ని దేశంలో అమ్మడం మొదలుపెట్టి ఏడాది దాటాక దరఖాస్తు చేస్తే, అది కొత్తది కాదంటారు. ఇక్కడా అదే తప్పు, ముందు బయటపెట్టడం.

కోరింగ మడ అడవుల మట్టిలోంచి బ్యాక్టీరియా తీసి పనిచేసేవాళ్లు ఇంకో రెండు చూసుకోవాలి. ఆ సూక్ష్మజీవి బయట దొరకనిదైతే, అర్జీ తేదీ నాటికే చండీగఢ్‌లోని ఎంటీసీసీ లాంటి గుర్తింపు పొందిన భాండాగారంలో జమ చేయాలి. పేటెంట్ చేతికి రాకముందే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య అథారిటీ దగ్గర చేయాల్సిన నమోదు పూర్తి కావాలి.

ఎవరి సొత్తు అన్నది కూడా ముందే తేల్చుకోండి. విద్యార్థి ఉద్యోగి కాదు. యూనివర్సిటీకి హక్కు రాయడమైనా, గైడ్‌కి వాటా ఇవ్వడమైనా కాగితం మీద ఉండాలి, నోటిమాట చెల్లదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకుడు ఒకరు వేరే కంపెనీ ల్యాబ్‌లో పనిచేయడానికి వెళ్లి, అక్కడ ఇచ్చిన విజిటర్ ఒప్పందం మీద సంతకం పెట్టాడు. తన ఆవిష్కరణల హక్కులు ఆ కంపెనీకి ఇస్తున్నట్టు అందులో ఉంది. 2011లో అమెరికా సుప్రీంకోర్టులో స్టాన్‌ఫర్డ్ ఓడిపోయింది. హేచరీలో, ఫీడ్ మిల్లులో ట్రయల్‌కి వెళ్లే పిల్లలు ఏ కాగితం మీద సంతకం పెడుతున్నారో గైడ్‌లు చదవాలి.

మిగతావి వరసగా చెబుతాను.

అర్జీ నంబరు చేతికి రాకుండా స్టాల్ బుక్ చేయకండి.

ఎక్స్‌పోలో వీడియో తీసేవాళ్లని ఆపండి. మొహమాటపడకండి.

థీసిస్ ఇచ్చే ముందే అర్జీ వేయండి. పీహెచ్‌డీ థీసిస్ అయితే యూజీసీ నిబంధన ప్రకారం అది శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్‌ల భాండాగారంలోకి వెళుతుంది, అంటే లోకమంతా చదవొచ్చు. వైవా కూడా నలుగురి ముందే.

బయటివాళ్లకి చూపించక తప్పకపోతే గోప్యతా ఒప్పందం రాయించుకోండి. "మనవాడే" అనుకుని వదిలేయకండి.

"మీ పేరు పేటెంట్‌లో వేయిస్తాం, ఇంత ఇవ్వండి" అనే వాట్సాప్ మెసేజ్‌లకు డబ్బు కట్టకండి. ఆవిష్కరించనివాడి పేరు ఆవిష్కర్తగా వేయడం అబద్ధం.

పేటెంట్ జర్నల్‌లో ప్రచురణ అయితే పేటెంట్ వచ్చినట్టు కాదు. బ్యానర్ కట్టకండి. కాలేజీ పాయింట్ల కోసం తొందరపడి ముందస్తు ప్రచురణ అడిగితే, రేపు మీరు చేసే మెరుగులకు మీ పాత అర్జీయే అడ్డం వస్తుంది.

పరిశీలన కోరుతూ ఫారం 18 వేయడం మరవకండి. 2024 మార్చి 15 నుంచి వేసిన అర్జీలకు గడువు మొదటి అర్జీ తేదీ నుంచి 31 నెలలే. పాత 48 నెలల లెక్క చెప్పేవాళ్ల మాట వినకండి.

విదేశంలో ముందు అర్జీ వేయకండి. ఇక్కడ వేసి ఆరు వారాలు ఆగాలి, లేదా ముందే అనుమతి తీసుకోవాలి. ఉల్లంఘిస్తే జైలు దాకా వెళుతుంది.

ఆకారం కూడా కొత్తదైతే డిజైన్ రిజిస్ట్రేషన్ వేరే చేయించండి. అది కూడా చూపించకముందే.

విలేకరికి ఫొటో ఇవ్వాలంటే మూత వేసిన పెట్టె ఫొటో ఇవ్వండి.

ఈ రాత్రికి మీ ఎక్స్‌పో బ్రోచర్ ప్రింట్‌కి వెళుతుంటే, మీ ప్రాజెక్టు పేజీని ఇప్పుడే ఆపించి, పొద్దున్నే అర్జీ పని మొదలుపెట్టండి.